ఎర్ర పేలిక కట్టిన సొరకాయ

చౌటుప్పల్ దాటాక హైవే పక్కన కొత్తగా ఒక దుకాణం పెట్టారు. ఎండిన సొరకాయ బుర్రలకు సన్న సన్న రంధ్రాలు చేసి, లోపల బల్బులు పెట్టి, వరసగా వేలాడదీశారు. మా కంపెనీ బస్సు అక్కడ ఆగదు. మొన్న టైరు పంచరైతే ఆగింది. తోటి ఆడవాళ్లంతా ఛాయ్ తాగడానికి పోతే నేను ఆ బుర్రల ముందు నిలబడ్డాను. నిలబడి ఊరుకున్నానా, వేలి గణుపుతో ఒకదాన్ని టక్కుమని కొట్టాను.

"కొట్టకమ్మా, పలుగుతది" అన్నాడు దుకాణం అతను.

"పలికితే గద పలిగేది. సగం ముదురక ముందే కోసిండ్రు దీన్ని" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. అతని తప్పేం లేదు. ఆ మాట నాది కాదు, పోయిన వానాకాలంలో చనిపోయిన మా అత్తది. కొట్టిన చెయ్యి కూడా ఆమెదే అనుకోవాలి. ఇరవై ఏళ్లు ఒక మనిషి పక్కన బతికితే ఆమె అలవాట్లు ఎప్పుడు వచ్చి మన చేతుల్లో కూర్చుంటాయో తెలియదు.

అత్త దేన్నైనా కొట్టి చూసేది. కాపురానికి వచ్చిన కొత్తలో నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న స్టీలు బిందెలను ఒక్కొక్కటే పక్కన పెట్టి గణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింది. మా అమ్మానాన్నలు ఇచ్చింది అసలుదో కాదో చూస్తోందని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత తెలిసింది, ఆమె అన్నిటినీ అట్లాగే కొట్టి చూస్తుందని. కొత్త ఫ్రిజ్ వస్తే దాన్ని కొట్టింది. పక్కింటివాళ్లు స్లాబు ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే గోడను కొట్టి "లోపల డొల్ల ఉన్నట్టుంది" అని పైకే అనేసింది. వాళ్లు ఆ తర్వాత చాలా రోజులు మాతో మాట్లాడలేదు. నా బిడ్డ పుట్టినప్పుడు దవాఖానలో పసిదాని నెత్తి మీద కూడా మెల్లగా ఒక వేలు వేసింది. "ఏం చేస్తున్నవత్తా?" అని నేను లేవబోతే, "ఏం లేదు తీ, మంచిగనే ఉంది" అంది.

మా ఇంట్లో గిన్నెలు లేక కాదు కానీ, ఎటు చూసినా బుర్రలే. అవి ఆమె పుట్టింటి విత్తనం. మా వైపు సొరకాయను ఆనిగెపుకాయ అంటారు. కూరకు కోసేది వేరు, బుర్రకు వదిలేది వేరు. ముదిరి, తీగ మీదనే ఎండి, లోపల గింజలు గలగలమంటే అది బుర్ర. మెడ సన్నంగా ఉన్న బుర్రలో బూడిద కలిపిన విత్తనాలు, మూతికి మొక్కజొన్న బెండు బిరడా. పొట్ట లావుగా ఉన్నదాంట్లో చెలకకు తీసుకుపోయే తాగునీళ్లు. మా మామ, అంటే అత్త పెనిమిటి, బతికి ఉన్నన్నాళ్లు ఫ్రిజ్ నీళ్లు ముట్టలేదు, ఆ బుర్ర నీళ్లే తాగాడు. నిలువుగా కోసిన బుర్ర సగం ఉప్పుకు, ఇంకో సగం గాబులోంచి నీళ్లు ముంచుకోవడానికి. మా ఆయన చిన్నప్పుడు వీపుకు రెండు బుర్రలు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నాడట. బావి పూడిపోయి బోరు వచ్చినా ఆ జత మాత్రం దూలానికి వేలాడుతూనే ఉండేది. దుమ్ము దులపలేక నేను ఒకసారి విసుక్కున్నాను.

"బావే లేకపాయె, ఇంక ఈ బుర్రలెందుకత్తా?"

"బావి లేకపోతే బుర్రదేం తప్పే?" అంది.

నా బిడ్డ ఒకరోజు ఫోన్‌లో చూసి గట్టిగా చదివింది. మనుషులు మట్టి కుండ చేయడం నేర్చుకోకముందే సొరబుర్రల్లో నీళ్లు దాచుకున్నారని, ఈ కాయ సముద్రాల మీద తేలుకుంటూ పోయి దేశదేశాల్లో మొలిచిందని, ఎక్కడ మొలిస్తే అక్కడి మనుషులు దాన్ని గరిటె చేసుకున్నారని, దొప్ప చేసుకున్నారని, వాయిద్యం చేసుకున్నారని. అత్త చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ వింది. "గా సంగతి నీ ఫోనుకు ఇప్పుడెర్కయిందా? తీగకు కాసిన కుండనే గది. కుమ్మరాయన దీన్ని జూసే కుండ చేసుంటడు" అని మళ్లీ ఈనెల్లో పడింది.

అన్ని బుర్రల్లోకీ ఆమె గౌరవించింది మాత్రం ఒక్కటే. పాటకు పనికొచ్చే బుర్ర. వాళ్ల నాయిన భజన చేసేవాళ్లకు, ఊరూరు తిరిగే బైరాగులకు తంబూర బుర్రలు పండించి ఇచ్చేవాడట. మంచి పిందె కనబడితే దాని తొడిమకు ఎర్ర పేలిక కట్టేవాడు. తీగకు వచ్చిన మిగతా పిందెలన్నీ గిల్లేసేవాడు, బలమంతా ఆ ఒక్కదానికే పోవాలని. "ఎర్ర పేలిక గట్టిన కాయను మా ఇంట్ల ఎవ్వరు ముట్టకపోయేది. కూరకు ఏం లేకున్నా సరే, ఉప్పు మిరం వేసుకొని తినేటోళ్లం గని దాని దిక్కు చూడకపోయేది" అని చెప్పేటప్పుడు ఆమె గొంతు కొంచెం తగ్గేది.

ఆ నాయిన పండించిన చివరి బుర్ర అత్త తమ్ముని దగ్గర ఉండేది. ఆయన నకిరేకల్ పక్క పల్లెలో ఉండేవాడు. భజనల్లో, చావుల కాడ తత్వాలు పాడేవాడు. మేమంతా తంబూర మామ అనేవాళ్లం. ఆయన పాడితే మైకు అక్కరలేదు. అవతలి వాడలో బర్రెలు కట్టేసే వాళ్లు కూడా ఆగి వినేవాళ్లు.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా మామ చనిపోయాడు. దినాలు అయ్యేదాకా తంబూర మామ మా ఇంట్లోనే ఉండి రోజూ సాయంత్రం పాడాడు. పదకొండో నాడు ఇల్లంతా కడుగుతూ అత్త అటక మీది చాపల చుట్టను లాగింది. అది జారి, గోడ మేకుకు తగిలించిన తంబూర మీద పడింది. గుడ్డు చితికినట్టు చప్పుడైంది. బుర్ర పెంకులు పెంకులైంది.

"తమ్మీ, చూసుకోలేదురా" అంది అత్త. ఆమె చేతిలో ఇంకా చాప అంచు ఉంది.

ఆయన ఒక్క మాట అనలేదు. పెంకులన్నీ తువ్వాలలో ఏరుకుని, బుర్ర లేని తంబూర కర్రను చంకలో పెట్టుకుని, బస్సెక్కి పోయాడు. విస్తరి వేసి ఉంది. బావ దినాల బువ్వ తినకుండా పోయాడు. మా వైపు దానికంటే పెద్ద మాట ఇంకొకటి ఉండదు. ఆ తర్వాత ఆయన మా గడప తొక్కలేదు. ఉత్త తాళాలతోనే పాడుతున్నాడని, భజన వాళ్లు ఫైబర్ తంబూర కొంటే దాన్ని పట్టుకోలేదని వాళ్లూ వీళ్లూ చెప్పేవాళ్లు.

"తిట్టినా బాగుండు" అనేది అత్త. "తిట్టేటోనికి ఏమన్న జవాబు చెప్పొచ్చు."

"ఒక్క ఫోన్ చేసి మాట్లాడరాదు?" అన్నాను.

"ఉత్త చేతులతోని ఏం మాట్లాడతనే? బుర్ర కాపిచ్చి వాని చేతుల పెడ్త. గప్పుడు మాట్లాడ్త. గప్పుడు నా ఇంట్ల తింటడు వాడు."

అదీ ఆమె పంతం. తమ్ముడు మళ్లీ తన ఇంట్లో ఒక ముద్ద తినాలి, దానికి ముందు నాయిన విత్తనం నుంచే ఒక బుర్ర కావాలి. కొన్న బుర్ర కాదు, ఇంకొకరు ఇచ్చింది కాదు. నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఆమెను ఒప్పించడం కంటే కోతులను ఒప్పించడం నయం.

కోతులంటే గుర్తొచ్చింది, మొదటి ఏడు పిందెలన్నీ అవే కొరికేశాయి. మరుసటేడు అత్త అంగడి నుంచి పులిబొమ్మ దుప్పటి తెచ్చి పందిరికి కట్టింది. కోతులు కొన్నాళ్లు దూరం నుంచి చూసి, తర్వాత ఆ పులి నెత్తి మీదనే కూర్చుని తిన్నాయి. నేను పడీ పడీ నవ్వాను. అత్త నాతో ఆ పూట మాట్లాడలేదు. ఇంకో ఏడు కాయ బాగానే పెరిగింది కానీ పొడుగ్గా, పలచగా వచ్చింది. ఎండబెడితే ముడతలు పడి కుళ్లి వాసన కొట్టింది. పక్క చెలకలో పట్నపాయన ఎవరో హైబ్రిడ్ సొరకాయ పెట్టాడు, ఆ పువ్వు పొడి ఈ పువ్వు మీద పడి జాతి మారిపోయిందని అత్తకు అర్థమైంది. అప్పటి నుంచి పొద్దుగూకే వేళ, ఆ తెల్లపూలు విచ్చుకునేటప్పుడు, తానే ఒక మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రాసి, మూతికి దారం కట్టి వచ్చేది.

"పెండ్లి చేస్తున్నవా అత్తా?"

"ఔ, సంబంధం చూసి చేస్తున్న" అనేది నవ్వకుండా.

అట్లా దారం కట్టిన పిందెలు కూడా ఏవీ ముదిరేదాకా నిలవలేదు. మా చెలక కూడా అమ్ముడుపోయి ప్లాట్లయింది. తీగ పెరట్లోకి వచ్చింది. నాయిన కాలపు విత్తనాలు ఏటేటా తగ్గిపోయి, ఉన్నవి మొలవడం మానేశాయి. చివరికి ఒక వానాకాలం విత్తనాల బుర్రను తలకిందులు చేసి, బూడిదంతా చేటలో పోసి, వేలితో గీరి గీరి మిగిలిన గింజలు ఏరింది. నాటినవాటిలో ఒక్కటే మొలిచింది.

ఆ ఒక్క మొక్క తీగై పందిరెక్కకుండా నేల మీదనే పాకింది. ఒక పిందె నున్నగా, గుండ్రంగా నిలిచింది. అత్త దానికి ఎర్ర పేలిక కట్టింది. నల్లాలు వచ్చినప్పటి నుంచి పని లేకుండా పడి ఉన్న తన చుట్టబట్టను, నీళ్ల బిందె కింద నెత్తిన పెట్టుకునేదాన్ని, తెచ్చి ఆ కాయ కింద పెట్టింది. మిగతా పిందెలు రోజూ గిల్లేది. నాకు ఒళ్లు మండేది. పెరట్లో తీగ పెట్టుకుని, షిఫ్టు దిగి వస్తూ అంగట్లో సొరకాయ కొనుక్కొచ్చిన దాన్ని నేను. ఆ కొన్న కాయను కూడా ఆమె కొట్టి చూసి "నీళ్లే ఉన్నయి" అని పెదవి విరిచేది.

అయినా చెప్పొద్దూ, ఆ కాయ పెరుగుతుంటే నాకూ ఆశ పుట్టింది. పొద్దున బస్సుకు పోయే ముందు ఒకసారి చూసి పోయేదాన్ని. నీళ్ల బిందెలో సగమంత అయింది. దాని మీది నూగు ఇంకా రాలలేదు. నూగు రాలి, తెల్లబడి, గోరు దిగనంత గట్టిపడితే ఇక భయం లేదు అనేది అత్త. గోరు పెట్టి మాత్రం చూడనిచ్చేది కాదు, మచ్చ పడితే అక్కడి నుంచే కుళ్లుతుందని. తానే గణుపుతో ఒకసారి, అదీ మెల్లగా.

ఒక ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. పెరటి తడిక చప్పుడైంది. వెనక తొట్టి దగ్గర ఎవరో కాళ్లు కడుక్కుంటున్న చప్పుడు. కాసేపటికి లోపలికి వచ్చిన మనిషిని చూసి నా చేతిలో చీపురు ఆగిపోయింది. తంబూర మామ. సగమైపోయాడు. ఎండలో కూడా మెడకు తువ్వాల చుట్టుకుని ఉన్నాడు. వచ్చి గోడకు, తంబూర తగిలించిన ఆ మేకు కిందనే, ఆనుకుని కూర్చున్నాడు. నేను నీళ్లిస్తే గుక్క గుక్కకూ కళ్లు మూసుకుంటూ తాగాడు.

"అక్కా" అన్నాడు.

ఆ గొంతు విని నేను గుమ్మంవైపు చూశాను, వెనక ఇంకెవరైనా వచ్చారేమో అనుకుని. ఎండుటాకు మీద నడిచినట్టుంది. అత్త తడి చేతులతోనే వచ్చి ఎదురుగా కూలబడింది.

"ఏమాయెరా తమ్మీ?"

"జర గొంతు రాసుకపోయింది. పట్నం దవాఖానల చూపెట్టిన. మందులిచ్చిండ్రు."

"తింటున్నవా?"

"బుక్క దిగుతలేదక్కా." చిన్నపిల్లవాడిలా నవ్వాడు. "ఆకలైతాంది. అవ్వ చేసేది సూడు, ఆనిగెపుకాయల పాలు పోసి మెత్తగ... గది తినబుద్ధయితాంది. నీ చేతిదైతే దిగుతదని వచ్చిన."

అత్త పెరటివైపు చూసింది. "మామా, కూసోండ్రి, నేను స్కూటీ మీద ఇట్ల పోయి అట్ల కాయ తెస్త" అని లేచాను. అత్త నా కొంగు పట్టి ఆపింది. దూలం సందులోంచి కొడవలి తీసుకుని వెనక్కి పోయింది. నేను వెంట పోయాను.

కాయ పక్కన కూర్చుంది. అరచేత్తో ఒకసారి దుమ్ము తుడిచింది. గణుపుతో కొట్టింది. తర్వాత, ఇన్ని నెలల్లో మొదటిసారి, బొటనవేలి గోరు ఆనించి నొక్కింది.

"దిగింది" అంది, ఎవరికో చెప్పినట్టు.

"వద్దత్తా. ఇన్నేండ్ల కష్టం. పది నిమిషాల్ల తెస్తనంటున్న గద" అని ఆమె చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుని తొడిమ కోసింది. ఎర్ర పేలిక విప్పి తొట్టి గట్టు మీద పెట్టింది. కాయను కత్తిపీట మీద చీల్చితే లోపల గింజలు పసిపిల్లల పాలపండ్ల లెక్క తెల్లగా, మెత్తగా ఉన్నాయి. కనీసం గింజలన్నా దాచిపెట్టమన్నాను. "లేతవి. మొలవయి" అని గింజలతో సహా గిన్నెలో వేసింది.

తంబూర మామ చాలాసేపు తిన్నాడు. అన్నం, కూర మెత్తగా పిసికి, కొంచెం కొంచెం నోట్లో పెట్టుకుని, మింగేటప్పుడు మెడ పట్టుకునేవాడు. ప్రతి ముద్ద దిగినప్పుడల్లా అత్త మొహం తేరుకునేది. కంచం ఖాళీ అయ్యాక ఆయన తలెత్తి, "ఇంకింత పెట్టక్కా" అన్నాడు. అత్త పెట్టింది. అదీ తిన్నాడు. చేయి కడగడానికి పెరట్లోకి పోయి కాసేపు అక్కడే ఉండి వచ్చాడు. "పోతున్నక్కా" అని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. పాత సంగతి ఆయన ఎత్తలేదు, ఈమె ఎత్తలేదు. బుర్ర మాట కూడా అత్త చెప్పలేదు.

ఆయన పోయాక నేను ఊరుకోలేకపోయాను. "ఎందుకు కోసినవ్? ఇంకొన్నాళ్లుంటే బుర్ర అవుతుండె గద" అన్నాను. కోపంతోనే అన్నాను, నా కాయ పోయినట్టు.

"వాని గొంతు ఇన్నవా?" అంది అత్త. "గా గొంతుకు తంబూర ఏం చేస్తదే? నేనియ్యాలనుకున్నది బుర్ర. వాడు అడిగింది కూర. అడిగింది పెట్టాలె గద. నా ఇంట్ల తిన్నడు. గంతే చాలు" అంది. చాలలేదని ఆమె మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. సాయంత్రం తొట్టి చుట్టూ వంగి వంగి వెతికింది. ఎర్ర పేలిక దొరకలేదు. గాలికి ఎటో పోయిందనుకుంది. తీగ మళ్లీ ఏవో పిందెలు వేసింది కానీ నిలవలేదు. దాంతో ఆ విత్తనం అయిపోయింది.

చలికాలం పోకముందే తంబూర మామ పోయాడు.

దినాలకు నేను, అత్త నకిరేకల్‌లో బస్సు దిగి ఆటోలో పోయాం. భజన వాళ్లు వాకిట్లో కూర్చుని పాడుతున్నారు. ఆయన ఎన్నడూ ముట్టని ఆ ఫైబర్ తంబూర ఒకతని చేతిలో ఉంది. పాట ఆగినప్పుడు అత్త వంగి దాని బుర్రను గణుపుతో కొట్టింది. నాకు భయమైంది, ఏమంటుందో అని.

"పలుకుతాంది. మంచిగనే పలుకుతాంది" అంది. అంతే. ఆమె ఒక వస్తువును కొట్టి అంత నీరసంగా మెచ్చుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

లోపల ఆయన పడుకునే మంచం పైన, గోడకు పాత తంబూర కర్ర వేలాడుతోంది. బుర్ర లేదు. మీటే తీగ కర్రకే చుట్టి ఉంది. బుర్ర ఉండాల్సిన చోట, కర్ర చివరన, ఎర్ర పేలిక ముడివేసి ఉంది.

అత్త చెయ్యి అలవాటు ప్రకారం పైకి లేచింది. కొట్టడానికి అక్కడ ఏం లేదు. చెయ్యి దించేసింది. నేను ఆమె భుజం పట్టుకున్నాను. ఆ రోజు తంబూర మామ ముందు తలుపు నుంచి రాలేదని, పెరటి తడిక తీసుకుని వచ్చాడని, తొట్టి పక్కనే ఆ కాయ ఉందని అప్పుడు గుర్తొచ్చింది నాకు. అత్తకు నాకంటే ముందే గుర్తొచ్చినట్టుంది.

"కాళ్లు కడుగంగ చూసిండు పిల్లా" అంది. "ఎర్ర పేలిక జూసి, కాయ వానికేనని ఎర్కయినంకనే ఆకలైతాందన్నడు."

మంచం పట్టె మీద కూర్చుని ఏడ్చింది. తన పెనిమిటి చనిపోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. కాసేపటికి బయట విస్తర్లు వేశారు. ఇంటికి పోదాం పదత్తా అన్నాను, తినే స్థితిలో లేదని. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లి వరసలో కూర్చుంది. తమ్ముని దినాల బువ్వ ఏడ్చుకుంటూనే తిన్నది. విస్తరి ఖాళీ చేసి, వడ్డించే పిల్లను పిలిచి, ఇంకింత పెట్టించుకుని తిన్నది.